మా బంగారు గని కంపెనీని కొనేస్తున్నారు, నేనేం చేయాలి?

ప్రశ్న: సార్, నమస్తే. మాది కొత్తగూడెం. నాన్నగారు సింగరేణిలో ఓవర్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. నేను మైనింగ్ ఇంజనీరింగ్ చదివాను. 6 ఏళ్లుగా ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో ఒక బంగారు గని కంపెనీ హెడ్డాఫీసులో మైన్ ప్లానింగ్ చేస్తున్నాను. ఈ మధ్య మా కంపెనీని ఇంకో పెద్ద కంపెనీ కొంటున్నట్టు ప్రకటించారు. మా షేర్లకు బదులు వాళ్ల షేర్లు ఇస్తారట, నగదు ఉండదట. జీతంతో పాటు ఇచ్చినవి, నేను సొంతంగా కొన్నవి కలిపితే మా పొదుపులో దాదాపు సగం ఈ షేర్లలోనే ఉంది. 300 పేజీలు దాటిన బుక్‌లెట్ ఒకటి పంపి ఓటు వేయమంటున్నారు. వేయకపోతే నా షేర్లు నాకే ఉంటాయా? ఇప్పుడే అమ్మేయాలా? ఉద్యోగం ఉంటుందా? ఇంటి లోన్ నడుస్తోంది, పాప ఏడో తరగతి. నాన్నగారైతే ఫోన్ చేసినప్పుడల్లా "కంపెనీ అమ్ముడుపోయిందంటే మునిగినట్టే, అన్నీ అమ్మేసుకుని ఇంటికి వచ్చెయ్" అంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
ఒక పాఠకురాలు, పెర్త్

సమాధానం:

అమ్మా,

ముందు నాన్నగారి మాట సంగతి చూద్దాం. మీ నిద్ర పాడుచేస్తున్నది ఆ 300 పేజీల పుస్తకం కన్నా ఆ మాటేనని నాకు అనిపిస్తోంది. ఆయన అలా భయపడటంలో తప్పేమీ లేదు. మన ఊళ్లలో ఒక మిల్లో ఫ్యాక్టరీయో చేతులు మారిందంటే, అప్పటికే అప్పులు మీద పడి, జీతాలు ఆగి, గేటుకు తాళం పడి ఉంటుంది. ఆస్ట్రేలియా గనుల్లో కథ చాలాసార్లు దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. చేతిలో మంచి ఖనిజం ఉన్న కంపెనీ మీదే కొనేవాళ్ల కళ్లు పడతాయి.

ఓజెడ్ మినరల్స్‌నే తీసుకోండి. దక్షిణ ఆస్ట్రేలియాలో ప్రామినెంట్ హిల్, కారపటీనా అనే రాగి గనులు దానివి, రాగితో పాటు బంగారం కూడా వస్తుంది. 2022 ఆగస్టులో బీహెచ్‌పీ అనే పెద్ద గనుల కంపెనీ వచ్చి షేరుకు 25 ఆస్ట్రేలియా డాలర్లు ఇస్తామంటే ఓజెడ్ బోర్డు తిప్పి పంపింది. నవంబరులో బీహెచ్‌పీ 28.25 డాలర్లకు పెంచింది. 2023 మేలో పని పూర్తయింది, మొత్తం విలువ 960 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు. ఇది మునిగిన కంపెనీకి పెట్టే ధర కాదు. పక్కనే బీహెచ్‌పీకి ఒలింపిక్ డామ్ గని, రాగి కరిగించే కొలిమి ఉన్నాయి. మూడు గనులనూ ఒక్క చేతి కిందికి తెచ్చుకోవడానికి అంత పెట్టింది.

నాన్నగారికి ఇంకో సంగతి కూడా చెప్పండి, ఆయన ఒప్పుకుంటారు. సింగరేణి కూడా చేతులు మారిన కంపెనీయే. 1886లో లండన్ మదుపుదారుల హైదరాబాద్ దక్కన్ కంపెనీ ఇల్లందులో బొగ్గు తవ్వే హక్కు సంపాదించింది. 1920లో అది సింగరేణి కాలరీస్ అయింది. 1945లో నిజాం ప్రభుత్వం వాటాలు కొని పగ్గాలు తీసుకుంది. ఇవాళ 51 శాతం తెలంగాణ ప్రభుత్వానిది, 49 శాతం కేంద్రానిది. ఇన్నిసార్లు యజమాని మారినా ఆయన ఏళ్ల తరబడి జీతం తెచ్చుకుని మిమ్మల్ని చదివించింది ఆ కంపెనీ నుంచే కదా.

అంతమాత్రాన మీకు ఏ ఇబ్బందీ ఉండదని అనడం లేదు. మీ ఉత్తరంలో ఉద్యోగం, షేర్లు ఒకే ముడి పడి ఉన్నాయి. ఆ ముడి విప్పితే తప్ప ఏ ప్రశ్నకూ సరైన జవాబు రాదు. ఒక్కొక్కటి విడిగా చూద్దాం.

ఉద్యోగం గురించి మొదట తెలియాల్సింది, కంపెనీని కొనడం వేరు, గనిని కొనడం వేరు. మీ విషయంలో మీ కంపెనీ షేర్లన్నీ కొత్త యజమాని చేతికి పోతున్నాయి. కంపెనీ అనే చట్టపరమైన మనిషి అలాగే ఉంటుంది. మీ అపాయింట్‌మెంట్ లెటర్ మీద సంతకం చేసిన యజమాని మారలేదు, ఆ యజమానికి యజమాని మారాడు. కాబట్టి జీతం, సెలవులు, 6 ఏళ్ల సర్వీసు అన్నీ ఒక్క రోజు కూడా తెగకుండా కొనసాగుతాయి. కొత్త కాంట్రాక్టు అంటూ ఏదైనా కాగితం ముందు పెడితే అక్కడికక్కడే సంతకం చేయకండి. ఇంటికి తీసుకెళ్లి పాతదాని పక్కన పెట్టి చదవండి.

గనిని మాత్రమే అమ్మితే లెక్క మారుతుంది. పశ్చిమ ఆస్ట్రేలియా ఎడారిలోని టెల్ఫర్ బంగారు గని 2023 నవంబరు దాకా న్యూక్రెస్ట్ అనే ఆస్ట్రేలియా కంపెనీది. ఆ నెలలో న్యూక్రెస్ట్ మొత్తాన్నీ అమెరికా కంపెనీ న్యూమాంట్ కొనేసింది. 2024 డిసెంబరుకల్లా న్యూమాంట్ టెల్ఫర్‌ను విడదీసి గ్రేట్‌లాండ్ అనే ఇంకో కంపెనీకి అమ్మింది. పదమూడు నెలల్లో ముగ్గురు యజమానులు. మొదటిసారి చేతులు మారింది కంపెనీ, రెండోసారి గని. ఆ రెండో రకంలో కొత్త యజమాని ఉద్యోగం ఇస్తానని విడిగా చెప్పాలి, పాత సర్వీసును ఎంతవరకు లెక్కలోకి తీసుకుంటాడో రాసివ్వాలి. మీ కంపెనీకి ఒకటి కన్నా ఎక్కువ గనులుంటే, కొనేవాళ్లు రేపు వాటిలో దేన్నైనా వదిలించుకునే ఆలోచనలో ఉన్నారేమో చూడండి. న్యూమాంట్ కొన్న మూడు నెలలకే ఏయే గనులు అమ్ముతుందో బయటపెట్టేసింది.

ఇక అసలు మాట. మీరు హెడ్డాఫీసులో ఉన్నారు. ఇక్కడ మీ మనసు కోసం తీపి కబురు చెప్పలేను.

గనిని ఎవరూ మూటగట్టి తీసుకుపోలేరు. పశ్చిమ ఆస్ట్రేలియాలోని బంగారు గని కల్గూర్లీ సూపర్ పిట్ చూడండి. ఒకప్పుడు దాంట్లో చెరి సగం బారిక్, న్యూమాంట్ కంపెనీలవి. 2019 చివర్లో బారిక్ తన సగాన్ని సారసెన్‌కు, ఆ వెంటనే న్యూమాంట్ తన సగాన్ని నార్తర్న్ స్టార్‌కు అమ్మాయి. 2021 ఫిబ్రవరిలో ఆ రెండు కంపెనీలూ కలిసిపోయాయి. పైన ఇంత జరిగినా మూడున్నర కిలోమీటర్ల పొడవున్న ఆ గొయ్యి అక్కడే ఉంది, ట్రక్కులు అదే ర్యాంపు ఎక్కి దిగాయి. డ్రిల్లర్లు, ఫిట్టర్లు, షిఫ్ట్ బాసులు లేకపోతే ఎవరు కొన్నా బంగారం రాదు. ఆఫీసు అలా కాదు. రెండు కంపెనీలు కలిస్తే ఫైనాన్స్ హెడ్లు ఇద్దరు, హెచ్ఆర్‌లు రెండు, కంపెనీ సెక్రటరీలు ఇద్దరు, అద్దె కడుతున్న అంతస్తులు రెండు. న్యూక్రెస్ట్‌ను కొనేటప్పుడు న్యూమాంట్ ఏటా 50 కోట్ల అమెరికా డాలర్లు ఆదా అవుతాయని వాటాదారులకు లెక్క చెప్పింది. నార్తర్న్ స్టార్, సారసెన్ కలిసినప్పుడు పదేళ్లలో 150 నుంచి 200 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల లాభం ఉంటుందన్నారు. గనులు పక్కపక్కన ఉంటే మిల్లులు పంచుకోవడం వల్ల, టైర్లూ డీజిలూ ఒకే టెండరులో కొనడం వల్ల కొంత వస్తుంది. మిగిలిన కొంత ఆఫీసు కుర్చీల నుంచి వస్తుంది. "సినర్జీ" (కలవడం వల్ల మిగిలే డబ్బు) అనే మాట ఎక్కడ కనిపించినా అది గనిలో ఎంత, ఆఫీసులో ఎంత అని విడదీసి చూడండి.

ఈ విషయంలో మీకు పనికొచ్చే పేజీలు ఆ బుక్‌లెట్‌లోనే ఉన్నాయి, చాలామంది వాటి దాకా వెళ్లరు. కొనుగోలు పూర్తయ్యాక కొనే కంపెనీ ఏం చేయాలనుకుంటోందో, ఇప్పుడున్న ఉద్యోగుల సంగతి ఏమిటో రాయాలని ఆస్ట్రేలియా కార్పొరేషన్స్ నిబంధనలు చెబుతాయి. కొనే కంపెనీ గురించిన విభాగం చివర్లో "ఉద్దేశాలు" అనే శీర్షిక కింద ఉంటుంది. అక్కడి వాక్యాలు మెత్తగా ఉంటాయి. "సైట్ ఉద్యోగులను కొనసాగించాలనుకుంటున్నాం", "కార్పొరేట్ ఆఫీసులో ఒకే పని రెండుచోట్ల ఉంటే సమీక్షిస్తాం" అన్న మాటలు పక్కపక్కన కనబడితే, మొదటిది సైట్ వాళ్లకు, రెండోది మీకు. పెర్త్ ఆఫీసు ఉంచుతారా లేదా అన్నది కూడా అక్కడే తెలుస్తుంది. కొనే కంపెనీ హెడ్డాఫీసు కూడా పెర్త్‌లోనే ఉంటే కుర్చీకి పోటీ ఉంటుంది గాని ఊరు మారాల్సిన పని ఉండదు.

మైన్ ప్లానింగ్ వాళ్లకు ఒక అనుకూలత ఉంది. అకౌంట్లు ఏ ఊళ్లో కూర్చునైనా రాయొచ్చు. మీ గని బ్లాక్ మోడల్ (భూమి లోపల ఖనిజం ఎక్కడ ఎంత ఉందో చూపే కంప్యూటర్ నమూనా) ఎక్కడ బలంగా ఉంది, ఎక్కడ ఊహ మీద నిలబడి ఉంది, ఏ స్టోప్‌లో, అంటే ఖనిజం తవ్వి తీసే ఏ గదిలో, రాయి మాట వినదు అన్నవి కొత్తవాళ్లకు ఒక్క వారంలో తెలిసేవి కావు. కాబట్టి ఎవరో వచ్చి పిలిచేదాకా ఆగకండి. సైట్‌లో ప్లానింగ్ పోస్టు ఏదైనా ఉంటే, రోస్టర్ మీద వెళ్లి రావడం మీ ఇంటికి కుదురుతుందా అని మీ ఆయనతో ఇప్పుడే కూర్చుని మాట్లాడండి. ఎనిమిది రోజులు అక్కడ, ఆరు రోజులు ఇంట్లో అన్న జీవితం ఏడో తరగతి పిల్ల ఉన్న ఇంటికి చిన్న విషయం కాదు. కుదరకపోతే కుదరదనే ముందే తెలుసుకుంటే, అడిగిన రోజు గాభరాగా ఒప్పుకోవడమో కాదనడమో ఉండదు.

పోస్టు పోతే చేతికి ఏమొస్తుందో కూడా కాగితం మీద రాసుకోండి. తెలియని భయం కన్నా తెలిసిన అంకె నయం. జాతీయ ఉపాధి ప్రమాణాల ప్రకారం 6 ఏళ్లు నిండి 7 నిండని ఉద్యోగికి రిడండెన్సీ (పోస్టు రద్దు) కింద కనీసం 11 వారాల జీతం రావాలి. 5 ఏళ్లు దాటినవాళ్లకు నోటీసు 4 వారాలు. 45 దాటితే మరో వారం. ఇవి కనీసాలు మాత్రమే. మీ కాంట్రాక్టులోనో, కంపెనీ పాలసీలోనో ఇంతకన్నా మెరుగ్గా ఉండొచ్చు, వెతకండి. నిజమైన రిడండెన్సీ అయితే ఒక పరిమితి వరకు ఆ డబ్బు మీద పన్ను పడదు. పశ్చిమ ఆస్ట్రేలియాలో 7 ఏళ్లు నిండినవాళ్లను తీసేస్తే లాంగ్ సర్వీస్ లీవ్‌కు (ఎక్కువ ఏళ్లు చేసినవాళ్లకు దక్కే జీతంతో కూడిన సెలవు) దామాషాగా డబ్బు ఇవ్వాలి. మీకు ఏడో ఏడు ఏ తేదీన నిండుతుందో క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి. వెళ్లిపోతారా అని అడిగినప్పుడు ఆ తేదీ దగ్గరలో ఉంటే మీరు మాట్లాడే తీరు వేరుగా ఉంటుంది.

మీ వీసా సంగతి మీరు రాయలేదు. యజమాని స్పాన్సర్ చేసిన 482 వర్క్ వీసా మీద ఉండి ఇది చదువుతున్న మన పిల్లల కోసం ఒక మాట. ఉద్యోగం పోయిన మర్నాడే విమానం ఎక్కనక్కర్లేదు. 2024 జూలై 1 నుంచి కొత్త స్పాన్సర్‌ను వెతుక్కోవడానికి ఒక్కోసారి 180 రోజుల వరకు, వీసా మొత్తం కాలంలో 365 రోజుల వరకు గడువు ఉంది.

షేర్ల దగ్గరికి వద్దాం. "ఓటు వేయకపోతే నా షేర్లు నాకే ఉంటాయా" అని అడిగారు. ఉండవమ్మా. దీన్ని స్కీమ్ ఆఫ్ అరేంజ్‌మెంట్ అంటారు. ముందు కోర్టు అనుమతితో వాటాదారుల మీటింగ్ పెడతారు. పోలైన ఓట్లలో 75 శాతం షేర్లు సరేననాలి, ఓటు వేసిన మనుషుల్లో సగం మందికి పైగా సరేననాలి. ఆ తర్వాత మళ్లీ కోర్టుకు వెళతారు. కోర్టు ఒప్పుకుని స్కీమ్ అమల్లోకి వచ్చాక, వద్దని ఓటు వేసినవాళ్ల షేర్లు, అసలు ఓటే వేయనివాళ్ల షేర్లు కూడా మారిపోతాయి. అందుకని మౌనంగా ఉండటం వల్ల మీకు దక్కేది ఏమీ లేదు. పైగా రెండో షరతులో తల లెక్క ఉంది. కోటి షేర్లున్న ఫండ్ కూడా ఒక తలే, మీరూ ఒక తలే. మీటింగుకు వెళ్లకుండానే మీ ఓటు వేయించే ప్రాక్సీ ఫారం ఆన్‌లైన్‌లో పదినిమిషాల పని. మీటింగుకు రెండు రోజుల ముందే గడువు ముగుస్తుంది కాబట్టి చివరి రోజుదాకా ఆగొద్దు.

ఓటు ఎటు వేయాలన్నది నేను చెప్పకూడదు. ఏం చదివి వేయాలో చెబుతాను. 300 పేజీలూ చదవక్కర్లేదు. బుక్‌లెట్‌లోని స్వతంత్ర నిపుణుడి నివేదిక మొదటి పది పదిహేను పేజీల్లో మీ షేరు విలువ ఎంత నుంచి ఎంత వరకు ఉంటుందో ఆయన కట్టిన లెక్క ఉంటుంది. ఇస్తున్నది ఆ అంచుల మధ్య ఎక్కడ పడుతోందో చూడండి. మీరు మైన్ ప్లానరు. ఆయన గని ఆయుష్షుకు, గ్రేడుకు (టన్ను రాయిలో ఎంత బంగారం), బంగారం ధరకు ఏం అంకెలు పెట్టుకున్నాడో చదివితే మామూలు వాటాదారుకు కనిపించనిది మీకు కనిపిస్తుంది. మొదటి ధరే చివరి ధర కావాలని కూడా లేదు. న్యూక్రెస్ట్ విషయంలో 2023 ఫిబ్రవరిలో ఒక్కో షేరుకు 0.380 న్యూమాంట్ షేరు ఇస్తామంటే బోర్డు ఒప్పుకోలేదు, తర్వాత అది 0.400 అయింది. దాని మీద 1.10 అమెరికా డాలర్ల ప్రత్యేక డివిడెండ్ కూడా వచ్చింది.

షేర్లకు షేర్లు ఇచ్చే ఒప్పందంలో గమనించాల్సింది ఒకటుంది. మీకు ఖాయంగా చెబుతున్నది నిష్పత్తి మాత్రమే, డాలర్లు కాదు. డీ గ్రే మైనింగ్‌ను నార్తర్న్ స్టార్ కొన్నప్పుడు ఒక్కో డీ గ్రే షేరుకు 0.119 నార్తర్న్ స్టార్ షేరు. అంటే 1,000 ఉన్నవాళ్లకు 119 వచ్చాయి. 2024 డిసెంబరులో ప్రకటించిన నాడు దాని విలువ సుమారు 500 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు. పూర్తయింది 2025 మేలో. ఆ ఐదు నెలలూ నార్తర్న్ స్టార్ షేరు ఎటు ఊగితే డీ గ్రే వాటాదారుల చేతిలో ఉన్నదీ అటే ఊగింది. కాబట్టి మీరు ఇప్పుడు చదవాల్సింది మీ కంపెనీ గురించి కాదు, అది మీకు తెలుసు. కొనే కంపెనీ గురించి చదవండి. దాని అప్పు ఎంత, కొత్త గని కట్టడానికి ఇంకా ఎంత పెట్టాలి అన్నవి. పిల్బరాలోని హెమీ నిక్షేపం కోసమే నార్తర్న్ స్టార్ డీ గ్రేను కొంది. కొన్న నాటికి అక్కడ గని లేదు. ఒలింపిక్ డామ్‌ను 1975లో కనుక్కుంటే ఉత్పత్తి మొదలైంది 1988లో. కనుక్కోవడానికీ, తవ్వడానికీ మధ్య ఇన్నేళ్లు పడుతుంది కాబట్టే వెతకడం కన్నా కొనడం తేలికని పెద్ద కంపెనీలు అనుకుంటున్నాయి. 2025 అక్టోబరులో ఔన్సు బంగారం 4,000 అమెరికా డాలర్లు దాటాక వాటి షేర్లకు విలువ పెరిగి, ఆ షేర్లతోనే కొనే ఊపు వచ్చింది. ఊపులో కొన్నవన్నీ బాగుపడవు. 2010లో లిహిర్ గోల్డ్‌ను కలుపుకున్న న్యూక్రెస్టే 2013లో తన ఆస్తుల విలువను దాదాపు 600 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు తగ్గించి రాసుకోవాల్సి వచ్చింది.

కొనేది అమెరికా కంపెనీ అయితే డివిడెండ్ సంగతి కూడా చూసుకోవాలి. న్యూక్రెస్ట్ వాటాదారులు న్యూమాంట్ వాటాదారులయ్యాక ఆస్ట్రేలియా ఫ్రాంకింగ్ క్రెడిట్లు (కంపెనీ ముందే కట్టిన పన్నుకు వాటాదారుకు దక్కే తగ్గింపు) ఆగిపోయాయి, డివిడెండ్‌లో అమెరికా పన్ను ముందే కోత పడటం మొదలైంది. డబ్ల్యూ-8 బెన్ అనే ఫారం నింపితే ఆ కోత 30 శాతం నుంచి 15కు తగ్గుతుంది. ఆ ఫారం సంగతి తెలియకపోతే ఊరికే నష్టపోతారు.

ఇప్పుడే అమ్మేయాలా? దీనికి ముందు ఒక హెచ్చరిక, దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు. మీరు మైన్ ప్లానింగ్‌లో ఉన్నారు. వచ్చే క్వార్టర్లో ఎంత బంగారం రాబోతోందో మార్కెట్ కన్నా ముందు మీకు తెలుస్తుంది. అలాంటి సమాచారం చేతిలో ఉండగా అమ్మినా, కొన్నా, "నువ్వు అమ్మేసుకో" అని మీ ఆయనకు చెప్పినా ఇన్‌సైడర్ ట్రేడింగే. ఆస్ట్రేలియాలో దానికి 15 ఏళ్ల దాకా జైలు శిక్ష ఉంది. ఒక్క షేరు కదిలించే ముందు కంపెనీ షేర్ ట్రేడింగ్ పాలసీ చదవండి, కంపెనీ సెక్రటరీకి ఈమెయిల్ పెట్టి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. జీతంతో పాటు ఇచ్చిన వాటిలో ఇంకా చేతికి రానివి ఉంటే, స్కీమ్ జరిగితే వాటిని ఏం చేస్తారో బోర్డు నిర్ణయిస్తుంది. అది కూడా బుక్‌లెట్‌లో ఉంటుంది.

పన్ను విషయంలో, ఇప్పుడు మార్కెట్లో అమ్మితే లాభం మీద ఈ ఏడాదే పన్ను లెక్క తేలాలి. కొన్నప్పటి నుంచి ఏడాది దాటినవాటికి, దాటనివాటికి లెక్క వేరు. అమ్మకుండా స్కీమ్‌లో షేర్లకు షేర్లు తీసుకుంటే, షరతులు కుదిరితే, పన్నును వాయిదా వేసుకునే వెసులుబాటు ఉంది, రోలోవర్ అంటారు. మాఫీ కాదు, వాయిదా మాత్రమే. మీ పాత కొనుగోలు ధర కొత్త షేర్ల మీదికి వస్తుంది. ఉదాహరణకు 1,000 షేర్లు 2 డాలర్ల చొప్పున 2,000కు కొన్నారనుకోండి, వాటికి 119 కొత్తవి వచ్చాయనుకోండి. ఒక్కో కొత్త షేరు ధర సుమారు 16.81 డాలర్లుగా రాసుకోవాలి. ఇప్పుడు రాసుకోకపోతే పదేళ్ల తర్వాత అమ్మిన రోజు పాత కాగితాల కోసం వెతుక్కోవాలి. ఈ పని మాత్రం రిజిస్టర్డ్ ట్యాక్స్ ఏజెంటుతోనే చేయించండి.

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది వీటిల్లో ఏదీ కాదు. మీ ఉత్తరంలో "పొదుపులో దాదాపు సగం" అన్న రెండు ముక్కలు. మీ జీతం బంగారం నుంచి వస్తోంది. మీ పొదుపులో సగం బంగారంలో ఉంది. మీ ఇల్లు పెర్త్‌లో ఉంది, ఆ ఊరి ఇళ్ల ధరలు గనుల బాగోగులను బట్టి లేస్తాయి, పడతాయి. బంగారం ధర బాగా పడిన ఏడాది ఈ మూడూ ఒకేసారి వంగుతాయి. అప్పుడు లోన్ కిస్తీ ఆగదు, పాప ఫీజు ఆగదు.

ఈ మాట పుస్తకం చూసి చెప్పడం లేదు. నేను కల్గూర్లీలో పనిచేసిన రోజుల్లో ఒక చిన్న కంపెనీలో ఉండేవాణ్ని, పేరు అనవసరం. దాన్ని ఇంకొకరు కొన్నారు. మా అందరికీ కొత్త షేర్లు వచ్చాయి. మా షిఫ్టు మొత్తం మీద ఒక్కరం కూడా అమ్మలేదు. మన గని, మన కంపెనీ అనే అభిమానం. ఏడాదిన్నరకు ధర మూడో వంతుకు పడింది, అదే నెలలో నా పోస్టూ పోయింది. మా అమ్మాయి యూనివర్సిటీలో చేరాల్సిన ఏడాది అది. మా ఆవిడ గాజులు అమ్మి మొదటి సెమిస్టరు కట్టాం. తర్వాత నిలదొక్కుకున్నాం, అమ్మాయి చదువు పూర్తయింది. కానీ ఆ గాజులు అమ్మడానికి వెళ్లిన రోజు నాకు ఇప్పటికీ గుర్తొస్తూనే ఉంటుంది. ఉద్యోగం పోవడం నా చేతిలో లేదు. షేర్లన్నీ అక్కడే ఉంచడం మాత్రం నా చేతిలోని పనే.

అందుకని "అమ్మాలా, ఉంచాలా" అని కంపెనీని చూసి అడగకండి. మీ ఇంటిని చూసి అడగండి. రాబోయే మూడేళ్లలో తప్పనిసరిగా కావాల్సిన డబ్బు ఎంత? ఆరు నెలల ఇంటి ఖర్చు, లోన్ కిస్తీలు, పాప చదువు. అంత మొత్తం ఏ గని షేర్లోనూ ఉండకూడదు, ఎంత మంచి కంపెనీదైనా సరే. అనుమతి వచ్చాక మొదట ఆ మేరకు తగ్గించుకోండి. మిగిలినదాంట్లో కొంత ఉంచుకోవాలనిపిస్తే, అది పడినా మీ ఇంట్లో ఎవరి జీవితమూ మారనంత మాత్రమే ఉంచుకోండి. న్యూమాంట్ షేర్లు తీసుకున్నవాళ్లకు రెండు అనుభవాలూ ఎదురయ్యాయి. 2024 ఫిబ్రవరిలో కంపెనీ క్వార్టర్ డివిడెండ్‌ను 40 సెంట్ల నుంచి 25 సెంట్లకు తగ్గించింది, షేరు బాగా పడింది. 2025లో బంగారం పెరిగేసరికి అదే షేరు ఎంతో ఎత్తుకు వెళ్లింది. ఆగగలిగినవాళ్లు సంతోషించారు. ఆ ఫిబ్రవరిలోనే ఇంటికి డిపాజిట్ కట్టాల్సి వచ్చినవాళ్లు నష్టానికి అమ్ముకున్నారు. వాళ్ల తెలివిలో తేడా లేదు, అవసరం వచ్చిన తేదీలో ఉంది.

లైసెన్సు ఉన్న ఫైనాన్షియల్ అడ్వైజర్ దగ్గర ఒక గంట కూర్చోండి. నేను గనుల మనిషిని, ఆ లైసెన్సు నాకు లేదు. ఆయన దగ్గరికి వెళ్లేటప్పుడు మీ షేర్ల పట్టిక, ఎప్పుడు ఎంతకు వచ్చాయో, లోన్ కాగితం తీసుకెళ్లండి.

ఈ ఆదివారం చేయగలిగింది ఒకటుంది. బుక్‌లెట్‌లో ఆ "ఉద్దేశాలు" పేజీ వెతకండి. ఉద్యోగుల గురించి, హెడ్డాఫీసు గురించి రాసిన రెండు మూడు వాక్యాలు ఉన్నవి ఉన్నట్టు కాపీ చేసి నాకు పంపండి. కంపెనీ పేరు అక్కర్లేదు. ఆ వాక్యాల్లో ఏ పదం ఎంత బరువుతో వేశారో కలిసి చదువుదాం. నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి. ఆయన ఏ గనిలో చేశారో కూడా రాయండి, మా చిన్నాన్న కూడా సింగరేణిలోనే, ఇల్లందులో చేశారు.